నేను చదవని నాలుగో లైను

మా మామయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా జనం నవ్వేవారు. పాతికేళ్ళపాటు బ్లాస్ట్ ఫర్నేసు మెట్లు ఎక్కి దిగిన మనిషి, ఆసుపత్రిలో ఏసీ గదిలో రబ్బరు పట్టా మీద పావుగంట నడవలేక మొరాయించాడని కథ. ఆ మనిషి మా నాన్న. మామయ్యంటే రక్తసంబంధం కాదు. విజయనగరం వైపు నుంచే భిలాయి ఉక్కు ప్లాంటుకి వచ్చి, సెక్టర్ ఆరులో మా పక్క క్వార్టరులో దిగి, నాన్నతో ఒకే గ్యాంగులో పనిచేశాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు, నాకు ఆయన మామయ్య అయ్యాడు. బావ అయ్యాక ఎగతాళి చేసే హక్కు దానంతటదే వచ్చింది.

ఆ కథ తప్పు. తప్పని తెలిసినవాళ్ళలో మొన్నటిదాకా నేనొక్కణ్ణే మిగిలాను. ఆ రోజు నాన్నకున్న వయసు ఇప్పుడు నాకూ దగ్గరపడుతోంది. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అవి తొంభైల చివరి రోజులు. నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల పరీక్షలు రాస్తూ ఇంట్లోనే ఉండేవాణ్ణి. పొద్దున్న ఐదున్నరకల్లా సెక్టర్ల రోడ్లన్నీ సైకిళ్ళతో నిండిపోయేవి. ఎవరూ బెల్లు కొట్టేవాళ్ళు కాదు, అంతమంది ఒకే వైపు వెళుతుంటే ఎవర్ని తప్పుకోమంటారు? వందల చైన్ల చప్పుడు మాత్రం సన్నటి వానలా వినిపించేది. నేను మంచం మీద పడుకునే ఆ వానలో నాన్న సైకిలు ఏదో పోల్చుకునేవాణ్ణి. దాని మడ్‌గార్డు వదులు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా భుజాల మీద ఇనుపపొడి మెరుస్తుండేది. అమ్మ ఆ చొక్కాని మా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానబెట్టేది.

నాన్న పని ఫర్నేసులోకి వేడిగాలి పంపే స్టవ్‌ల దగ్గర. వంటింటి స్టవ్వులు కాదు, మేడల కంటే ఎత్తైన గుండ్రటి ఇనుప గోపురాలు. గంటకోసారి పైకెక్కి వాల్వులు చూడాలి, గేజీలో ముల్లు ఎంత దగ్గరుందో రిజిస్టర్లో వేయాలి. ఆయన చదువు మూడో తరగతితో ఆగింది. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు అక్షరం రాదు. అంకెలు మాత్రం ఆయన సొంతం. పది అడుగుల దూరం నుంచి గేజీ చూసి చెప్పేవాడట.

ఇంటికొచ్చే కాగితాలు చదవడం నా పని. మా లైనులో చాలా ఇళ్ళల్లో అంతే. క్వార్టరు కాగితమైనా, స్కూలు కాగితమైనా, మందుల చీటీ అయినా పిల్లలు చదివి తెలుగులో చెబుతారు, పెద్దలు తలూపుతారు. నేను ఐదో తరగతి నుంచీ చదువుతున్నాను. నేనేం చెబితే కాగితంలో అదే ఉన్నట్టు.

ఆ ఏడాది ఎండాకాలంలో నాన్నకి మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టు ఉండడం మొదలైంది. అమ్మ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు రోజుకొకటి వేసుకోమని చిన్న తెల్ల మాత్ర ఇచ్చాడు. మూడు వారాలకి నాన్న తేలికపడ్డాడు. ఇప్పుడు పైదాకా ఆగకుండా ఎక్కుతున్నానని, గుండె దడదడలాడడం లేదని చెప్పాడు. అయినా డాక్టరు వదల్లేదు. మిషన్ మీద నడిపించి, వెంటనే గుండెని అల్ట్రాసౌండుతో చూసే పరీక్ష ఒకటి ఉందని, అది చేయించుకోమని తేదీ వేశాడు. దాంతోపాటు టైపు చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు.

ఇంట్లో అందరికీ పట్టుకున్న భయం గుండె గురించి కాదు. అన్‌ఫిట్ అంటారేమోనని. అన్‌ఫిట్ అయినవాణ్ణి లైట్ డ్యూటీలో వేస్తారు. మా నాన్న గ్యాంగులో అలా వెళ్ళినవాళ్ళు స్టోరు కిటికీ దగ్గర కూర్చుని మిగతావాళ్ళకి గ్లౌజులు, హెల్మెట్లు ఇచ్చేవారు. ఆ కిటికీకి మామయ్య 'గాజుల దుకాణం' అని పేరు పెట్టాడు. నాన్న కూడా ఆ మాటకి నవ్వినవాడే. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని, ఆ దుకాణంలో కూర్చోబెడితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానన్నాడు. మాకెవరికీ దాన్ని జబ్బు కనిపెట్టే పరీక్షగా చూడడం తెలియలేదు. భిలాయిలో పరీక్ష అంటే పాసవ్వాల్సిందే. నేనప్పటికి ఎన్ని పరీక్షలు తప్పానో! నాన్నయినా పాసవ్వాలనిపించింది.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని కాగితం చదివాను. ఒకటి, నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. రెండు, ముందు రోజు నుంచి టీ, కాఫీ, బీడీ వద్దు. మూడు, వదులు బట్టలు, నడవడానికి వీలైన బూట్లు వేసుకురావాలి. నాలుగో లైను దగ్గర ఆగాను. గుండె వేగం తగ్గించే మాత్ర రెండు రోజుల ముందు నుంచి ఆపాలని ఉంది. అక్కడ మాత్ర పేరు కూడా పెన్నుతో రాసి, కింద గీత గీశారు.

దాన్ని మనసులో రెండుసార్లు చదువుకున్నాను. ఆ మాత్ర వల్లే నాన్న మెట్లెక్కగలుగుతున్నాడు. పరీక్ష రోజుకే దాన్ని ఆపమనడం, హాల్లోకి వెళ్ళేవాడి చేతిలోంచి పెన్ను లాక్కోవడంలా అనిపించింది. ఐదో లైనుని నాలుగు అని చదివాను, ఆరుని ఐదని. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఏదొచ్చినా నడుస్తుండగానే చెప్పాలన్న ఏడో లైనుని ఆరు అని చదివి, కాగితం మడిచేశాను. నాన్న నా పక్కనే కూర్చుని కాగితం వైపే చూస్తున్నాడు. తలూపాడు.

తర్వాత పది రోజులు ఆయనకి కోచింగు ఇచ్చాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, ఆ సాయంత్రాలు నా జీవితంలోకెల్లా మంచివి. ఇంటి వెనక గ్రౌండులో నాన్న నడిచేవాడు, నేను వాచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. మామయ్య అడ్డుగోడ మీద కూర్చుని, ఎడమకాలు, కుడికాలు అని డ్రిల్లు మాస్టారులా కేకలేసేవాడు. గింజలు వేయించే బండివాడు మమ్మల్ని చూసి బండి ఆపేసేవాడు. నాన్నకున్నవి ప్లాంటులో ఇచ్చిన బరువైన బూట్లే. అవి వద్దని నా కాన్వాస్ బూట్లు తొడిగాను. అవి ఒక సైజు పెద్దవి, లోపల రెండు జతల మేజోళ్ళు వేశాం. అంతకుముందు నాన్నా నేనూ అంతసేపు ఒకచోట గడిపింది లేదు. ఆయనెప్పుడూ షిఫ్టులో ఉండేవాడు, లేకపోతే నిద్రలో.

పరీక్ష రోజు పొద్దున్న నాలుగు చుక్కల నీళ్ళతో ఆ మాత్ర నేనే ఇచ్చాను. ఆయన నోరు తెరిచి నా చేతిలోంచే తీసుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ గది చల్లగా ఉంది. సిస్టరు నాన్న చొక్కా విప్పించి, ఛాతీ మీద అక్కడక్కడ వెంట్రుకలు గీసి, గుండీల్లాంటివి అంటించి వైర్లు తగిలించింది. జబ్బకి బీపీ పట్టీ కట్టింది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చల్లటి జిగురు పూసిన పరికరం పక్కటెముకల మధ్య పెట్టి నొక్కింది. తెర మీద మసక మసగ్గా ఒక పిడికిలి ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంది.

"అదేటిరా, నాదేనా?" అన్నాడు నాన్న.

డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. హిందీలో ఓపిగ్గా చెప్పాడు. కూర్చున్నప్పుడు గుండెకి కొంచెం రక్తం చాలు, సన్నటి గొట్టమైనా సరిపెడుతుంది. పరిగెత్తినప్పుడే ఎక్కువ కావాలి. ఎటువైపు గొట్టం మూసుకుందో అటువైపు గోడ అప్పుడు వెనకబడుతుంది. అందుకే ఇప్పుడొకసారి, నడిచి దిగిన నిమిషం లోపల ఇంకోసారి బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తామన్నాడు. ఇప్పటికైతే అన్ని గోడలూ బాగా కదులుతున్నాయని తెర మీద వేలితో చూపించాడు. ఆ వేలు తిరిగిన దారి నాకింకా గుర్తుంది.

తర్వాత మిషన్ ఎక్కించారు. మూడు నిమిషాలకోసారి పట్టా ముందువైపు లేస్తుంది, వేగం పెరుగుతుంది. ముందు కడ్డీ పట్టుకుని నాన్న నడుస్తున్నాడు. ఎదురుగా తెర మీద గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఎర్ర అంకెల్లో పడుతోంది. నూట నలభై దాకా వెళ్ళాలని డాక్టరు ముందే చెప్పాడు. డెబ్భై ఎనిమిది, ఎనభై ఆరు, తొంభై నాలుగు. మూడో మెట్టుకి నూట ఆరు. అక్కడ ఆగింది. వేగం పెంచారు. నూట ఆరు, నూట ఏడు, మళ్ళీ నూట ఆరు. నాన్న మెడ మీంచి చెమట కారుతోంది, నా వదులు బూట్లలో పిక్కలు వణుకుతున్నాయి. అంకె కదలడం లేదు. డాక్టరు ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాడు.

నాన్న కళ్ళు ఆ అంకె మీదే ఉన్నాయి. తల తిప్పకుండా నాతో తెలుగులో అన్నాడు.

"ముల్లు కదల్లేదురా. ఎక్కడో వాల్వు మూసీసున్నట్టుంది."

ఆ మాత్ర ఏం చేస్తుందో నాకప్పుడు అర్థమైంది. చేతిలో పెన్ను కాదది, గుండెకి వేసిన బ్రేకు. గుండె పరిగెత్తితేనే తెలిసే సంగతిని తెలియకుండా నేనే చేశాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంకో రెండు నిమిషాలు నడిచి నాన్న చెయ్యెత్తాడు. గుండె కాదు, కాళ్ళు ఆగిపోయాయి. గబగబా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని బొమ్మలు తీశారు. గోడలన్నీ కదులుతూనే కనిపించాయి, కాని గుండె చాలినంత పరిగెత్తలేదు కాబట్టి ఆ బొమ్మల్ని నమ్మలేమన్నాడు డాక్టరు. ఏదో అనుమానంతో అడిగాడు.

"సుబహ్ గోలీ లియే థే క్యా?" పొద్దున్న మాత్ర వేసుకున్నారా అని.

నాన్నకి హిందీ నాకంటే బాగా వచ్చు. ఆయన నోరు తెరిచేలోపల నేను "నహీ సర్" అన్నాను. నాన్న నా వైపు చూశాడు. పొద్దున్న మాత్ర అందుకున్నప్పుడు చూసినట్టే చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "నహీ సాబ్" అన్నాడు.

డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. రోగి ప్రయత్నం చాలలేదు, పరీక్ష అసంపూర్తి, రెండు వారాల్లో మళ్ళీ చేయాలి. అది కూడా నేనే చదివాను. నాన్నని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తొక్కాను.

గేటు దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. పాసా ఫెయిలా అని అడిగాడు. నాన్న సైకిలు దిగి, ఆపేశానన్నాడు. ఎందుకు ఆపావంటే, కాళ్ళు ఆడలేదన్నాడు. అంతే చాలు మామయ్యకి. మర్నాడు క్యాంటీన్లో కథ తయారైంది.

"మెట్లెక్కమంటే ఎక్కుతాడు గాని, ఎక్కడికీ ఎల్లని రోడ్డు మీద నడవమంటే మా బావ మొరాయించీసినాడు."

నాన్న నవ్వి, ఎక్కడికీ ఎల్లనప్పుడు నడవడమెందుకు బావా అన్నాడట. ఆ జవాబు కథలో చేరింది. ఆ తర్వాత నాన్న షిఫ్టుకి వెళితే ఎవరో ఒకరు ఉన్నచోటే నిలబడి కాళ్ళాడించి చూపించేవారు. నాన్న నవ్వేవాడు. ఒక్కరోజైనా పనికి ఎగనామం పెట్టినవాడు కాదు, జ్వరంలో కూడా హాజరు వేయించుకున్నవాడు. ప్రయత్నం చాలలేదని ఆయన గురించి రాసిన కాగితం అదొక్కటే.

రెండు వారాలకి మళ్ళీ తీసుకెళ్ళాలి. నేను తీసుకెళ్ళలేదు. ఈసారి మాత్ర ఆపించాలి, ఎందుకాపాలో చెప్పాలి, మొదటిసారి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. భయపడాల్సిందేమీ కనిపించలేదటని అమ్మతో అన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నాన్న కూడా అడగలేదు. అన్‌ఫిట్ అనలేదు కదా అన్న సంబరంలో ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. కాగితం అలమరాలో నా సర్టిఫికెట్ల కింద పెట్టాను. వానాకాలం పోయింది, దసరా పోయింది.

చలి మొదలైన వారంలో, ఫస్ట్ షిఫ్టుకి వెళుతూ ప్లాంటు గేటుకి కొద్ది దూరంలో నాన్న సైకిలు దిగాడు. స్టాండు వేశాడు, తాళం కూడా వేశాడు. ఆ తర్వాత రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. అంత చలిలో ఒళ్ళంతా తడిసిపోయిందట. వెనకే వస్తున్న మామయ్య, దారిన పోయే జీపుని ఆపి ఆసుపత్రికి చేర్చాడు. గుండెపోటు.

బతికాడు. నెలా పదిహేను రోజులకి డాక్టరు మళ్ళీ అదే పరీక్షకి రాశాడు, ఈసారి తక్కువ వేగంతో, ఆపరేషన్ అవసరమో లేదో చూడడానికి. మళ్ళీ అదే కాగితం. వరండాలో శాలువా కప్పుకుని కూర్చున్న నాన్న దాన్ని నాకు ఇవ్వకుండా కాసేపు తన దగ్గరే పెట్టుకున్నాడు. బొటనవేలితో ఎడమ అంచు వెంబడి పైనుంచి కిందికి దిగాడు.

"ఇందుల ఏడు దాకా అంకెలున్నాయి," అన్నాడు. "అప్పుడు నువ్వు ఆరుతో ఆపీసినావు. ఈసారి అన్నీ సదువు."

ఆయనకి ఇంగ్లీషు రాదన్నది నిజమే. అంకెలు వచ్చన్న సంగతి నేను మర్చిపోయాను.

చదివాను. నాలుగో లైను కూడా చదివాను. ఆ లైను అప్పుడూ ఉందని, నేనే వదిలేశానని, ఎందుకు వదిలేశానో చెప్పాను. నాన్న అడ్డుగోడ వైపు చూశాడు. ఆ గోడ మీద ఎవరూ లేరు.

"నాకు సెప్పలేని మాటేదో ఉందనుకున్నాను," అన్నాడు. "బతకననో ఏటో రాసుంటారు, గుంటడు భయపడి దాసేసినాడనుకున్నాను. మాత్తర కోసమా?"

ఆసుపత్రిలో నహీ సాబ్ ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. నేనేమో ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను.

లేచి లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "మీ మావకి సెప్పకు. కాలనీ అంతా నిన్నంటారు," అన్నాడు.

రెండో పరీక్షలో డాక్టరు అడక్కముందే, మాత్ర రెండు రోజుల కింద ఆపానని నాన్నే చెప్పాడు. మిషన్ ఎక్కకముందు తీసిన బొమ్మల్లోనే ఉంది నాకు పడాల్సిన శిక్ష. పిడికిలి ముడుచుకుంటోంది, ఒక పక్క మాత్రం ముడుచుకోవడం లేదు. డాక్టరు పాత బొమ్మలు వాటి పక్కన పెట్టి, ఈ గోడ అప్పుడు కదిలింది, ఇప్పుడు కదలడం లేదని సిస్టరుకి చూపించాడు. నా వైపు చూడలేదు. ఆయనకేం తెలుసు? మిషన్ మీద ఈసారి అంకె గబగబా ఎక్కింది, ఐదో నిమిషంలోనే డాక్టరు ఆపించాడు. ఆ నాలుగైదు నెలల్లో పోయిన ముక్క మళ్ళీ రాదు. మిగతాదాన్ని కాపాడ్డానికి నాగపూర్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం.

నాన్న ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. రిటైరయ్యేదాకా గాజుల దుకాణంలోనే కూర్చున్నాడు. ఉద్యోగం వదిలేసి రాలేదు. గ్లౌజుల రిజిస్టర్లో ఆయన వేసిన అంకెలు అచ్చుగుద్దినట్టు ఉండేవని అక్కడివాళ్ళు చెప్పేవారు. కిటికీ దగ్గరికి వచ్చిన మామయ్య రోజూ ఉన్నచోటే నిలబడి కాళ్ళాడించి, ఆ తర్వాతే గ్లౌజులు అడిగేవాడట.

నాన్న పోయిన పదోరోజు, భోజనాల దగ్గర మామయ్య ఆ కథ చెప్పాడు. ప్రేమగానే చెప్పాడు, చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పకు అన్న నాన్న మాట వెనక అప్పటికే హాయిగా దాక్కోవడం నేర్చుకున్నాను.

మొన్న వానాకాలంలో మామయ్యని చూడడానికి భిలాయిలోని ఖుర్సీపార్ వెళ్ళాను. రిటైరయ్యాక అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు ప్లాంటుకి వెళ్ళాడు, కోడలు లోపల వంట చేస్తోంది. నా పక్కన కూర్చున్న పక్కింటాయనకి నన్ను పరిచయం చేస్తూ, ఈడి నాన్న ఒకసారి ఏం జేసినాడంటే అని మొదలుపెట్టాడు. పక్కింటాయన వెళ్ళేదాకా ఆగి, మొత్తం చెప్పాను. మాత్ర, నాలుగో లైను, నహీ సర్, అన్నీ.

మామయ్య చేతికర్ర అటూ ఇటూ తిప్పాడు.

"పాతికేళ్ళు," అన్నాడు. "పాతికేళ్ళు నా సేత ఆడిని ఎగతాళి సేయించినావు కదరా. ఆడు నవ్వుతుంటే నిజమే గావాలనుకున్నాను."

తర్వాత ఆయన తలగడ కింద నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆయనకీ ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందట, పై వారం ఆసుపత్రిలో పరీక్ష ఉందట. చూస్తూనే పోల్చుకున్నాను. అచ్చు మారింది, లైన్లు అవే. అలవాటు కొద్దీ చెయ్యి చాపాను.

మామయ్య కాగితం వెనక్కి లాక్కున్నాడు. "నువ్వొద్దులే నాయనా," అని లోపలికి కేకేశాడు. "అమ్మా బహూ, ఇలా రా. ఇది సదివిపెట్టు."

కోడలు కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆమెది సగం హిందీ, సగం తెలుగు. ఒకటి అంది, రెండు అంది. మామయ్య ఒక్కోదానికీ ఒక్కో వేలు మడుస్తున్నాడు. నాలుగోది మొదలవగానే వేలు మడవకుండా, నా ముఖం వైపు చూస్తూ విన్నాడు.